భుజం ఆపరేషనుకి మత్తు సూది ఎక్కడ వేయాలి?

(నగరంలో జరిగిన పెన్షనర్ల సమావేశంలో ఒక మత్తు వైద్యులు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు షుగరు గురించో, గుండె గురించో చెప్పమంటారనుకున్నాను. భుజం గురించి చెప్పమన్నారు. కారణం అడిగితే నవ్వి చెప్పారు. మన సభ్యులలో ముగ్గురికి ఈమధ్య భుజానికి ఆపరేషన్ జరిగిందట. ఒకరికి మెడ పక్కన సూది వేశారు. ఒకరికి వీపు వైపు రెండు చోట్ల వేశారు. మూడో ఆయనకి సూదీ లేదు, ఏమీ లేదు, పూర్తి మత్తు ఇచ్చి నిద్రపుచ్చారు. ముగ్గురూ ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని పోల్చుకుంటే లెక్క కుదరలేదు. ఎవరి డాక్టరు సరైనవాడు, ఎవరిది మోసం అనే దాకా వెళ్లిందట చర్చ. ముప్ఫై ఏళ్లు ఆఫీసుల్లో బిల్లులు సరిచూసినవారు కదా, తేడా కనబడితే వదలరు!

ముగ్గురు డాక్టర్లూ సరిగ్గానే చేసి ఉండవచ్చు. సూది ఎక్కడ వేయాలన్నది భుజాన్ని బట్టి ఎంత ఉంటుందో, మీ ఊపిరిని బట్టి కూడా అంతే ఉంటుంది. భుజానికీ ఊపిరికీ ఏమిటి సంబంధం అంటారా? ఈవేళ నేను చెప్పదలచుకున్నది అదే.

ముందు నరాల సంగతి. చేతికి వెళ్లే నరాలన్నీ మెడలో వెన్ను నుంచి 5 వేళ్లుగా బయలుదేరతాయి. కొంచెం కిందికి వచ్చి 3 కాండాలుగా కలుస్తాయి. కంఠం ఎముక, అంటే మెడ కింద అడ్డంగా ఉండే ఎముక, దాని వెనుకగా దిగి మళ్లీ విడిపోయి భుజానికీ, మోచేతికీ, వేళ్లకీ పోతాయి. ఈ మొత్తం అల్లికను బ్రాకియల్ ప్లెక్సస్ అంటారు. పేరు మరిచిపోయినా ఫరవాలేదు.

మనది కాలవల దేశం కాబట్టి ఇలా చెబుతాను. ధవళేశ్వరం దగ్గర మొదలైన నీరు లొల్ల లాకుల దగ్గర చీలి, గన్నవరం కాలవగా వచ్చి, 49 ఖానాల పాత అక్విడక్టు మీదుగా వైనతేయ పాయను దాటి ఈ నగరం సీమకు చేరేది. ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరుతో ఉన్న కొత్త అక్విడక్టు మీదుగా వస్తోంది. మీలో ఇరిగేషన్ శాఖలో చేసినవారికి నాకంటె బాగా తెలుసు. లొల్ల దగ్గర తలుపులు దించితే కింద ఎంత దూరమో ఎండుతుంది. అక్విడక్టు దగ్గర ఆపితే ఇటు వైపు చేలే ఎండుతాయి. మీ చేను తూము ఒక్కటే మూస్తే మీ చేనే. నరానికి మందు వేయడం కూడా అంతే. పైన వేస్తే ఎక్కువ మేర మొద్దుబారుతుంది. కిందికి పోయినకొద్దీ తక్కువ మేర. కాలవలు విడిపోవడమే గాని కలవడం అరుదు, నరాలు కలిసి మరీ విడిపోతాయి, పోలిక అంతవరకే.

ఇది నిన్నా మొన్నా పుట్టిన విద్య కాదు. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కంటిలో కొకెయిన్ చుక్కలు వేసి నొప్పి లేకుండా చేయవచ్చని చూపించారు. అదే మందును నరాల దగ్గర ఎక్కించవచ్చని అమెరికాలో హాల్‌స్టెడ్ మొదలైన సర్జన్లు వెంటనే పట్టుకున్నారు. ఆ ప్రయోగాలలో కొకెయిన్‌కు అలవాటుపడి హాల్‌స్టెడ్ గారు జీవితాంతం బాధపడ్డారు, అది వేరే కథ. 1911లో జర్మనీలో కూలెన్‌కాంఫ్ అనే ఆయన కంఠం ఎముక పైన సూది గుచ్చి చెయ్యి మొత్తం మొద్దుబార్చే పద్ధతిని తన మీదే ప్రయోగించి చూసుకున్నారు. మెడలో రెండు కండరాల సందున వేసే పద్ధతిని 1970లో చికాగోలోని అలాన్ విన్నీ అందరికీ పనికివచ్చేలా స్థిరపరిచారు. ఆ కండరాలకు స్కేలీన్ కండరాలని పేరు కాబట్టి దీన్ని ఇంటర్‌స్కేలీన్ బ్లాక్ అంటారు. భుజం ఆపరేషన్లకు ఇదే రాజమార్గమైంది.

ఎందుకంటే ఇది లొల్ల లాకు. భుజానికి వెళ్లే పై వేళ్లు రెండూ అక్కడ చేతికి అందుతాయి. 15, 20 మి.లీ. మందుతో భుజం మొత్తం మొద్దు. ఎముక విరిగి ప్లేటు వేసినా, కండరం చివర తెగి కెమెరాతో కుట్టినా, కీలు మార్చినా ఆ రోజంతా రోగికి నొప్పి తెలియదు. చిటికెన వేలు వైపు మాత్రం స్పర్శ ఉండిపోవచ్చు. ఆ వైపుకు పోయే నరాలు అల్లికలో అడుగున ఉంటాయి, మందు అక్కడిదాకా సరిగా పోదు. అందుకే అరచేతి ఆపరేషన్‌కి ఇది పనికిరాదు. మీ వేలు కదిలిందని బ్లాక్ పనిచేయలేదనుకోకండి.

ఇప్పుడు ఊపిరి దగ్గరకు వద్దాం.

మనం పీల్చే గాలిలో ఎక్కువ భాగం డయాఫ్రం అనే కండరం పని. పొట్టకీ రొమ్ముకీ మధ్య గొడుగులా ఉంటుంది. కుడి సగం ఒక నరంతో, ఎడమ సగం ఒక నరంతో నడుస్తాయి. ఆ నరాన్ని ఫ్రెనిక్ నరం అంటారు. పొట్ట పైన ఉండే కండరానికి నరం మెడ నుంచి రావడం విచిత్రమే గాని, తల్లి కడుపులో ఉన్నప్పుడు ఆ కండరం మెడ దగ్గరే పుట్టి కిందికి దిగుతుంది, తన నరాన్ని వెంట లాక్కుపోతుంది. ఆ ఫ్రెనిక్ నరం దిగేది సరిగ్గా మనం సూది వేసే కండరం ముందునుంచే. గొంతు ముడి కిందుగా, మనం సూది వేసే ఎత్తులో ఈ రెండు బోదెలకీ మధ్య గట్టు సుమారు 2 మిల్లీమీటర్లే. అక్కడి నుంచి ప్రతి సెంటీమీటరు కిందికి దిగినకొద్దీ ఇంకో 3 మిల్లీమీటర్ల దూరం పెరుగుతుంది. మందు నీరు కదండీ, గట్టు సన్నగా ఉంటే పొర్లుతుంది.

1991లో అర్మీ అనే వైద్యుడు, ఆయన సహచరులు స్కానింగుతో చూశారు. ఆనాటి మోతాదులో ఇంటర్‌స్కేలీన్ బ్లాక్ వేసిన ప్రతి ఒక్కరికీ ఆ వైపు డయాఫ్రం పడుకుంది. పదిమందిలో ఒకరికో ఇద్దరికో కాదు, అందరికీ. గట్టిగా పీల్చి వదలగలిగే గాలి పావు వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గుతుంది. మందు దిగిపోయాక తిరిగి వస్తుంది. రాకుండా ఉండిపోవడం చాలా అరుదు. ఊపిరితిత్తులు బాగున్న మనిషికి ఇది తెలియను కూడా తెలియదు. ఏదో రొమ్ము బరువుగా ఉందండీ అంటాడు, తల వైపు మంచం ఎత్తుగా పెడితే సరి.

అందరూ ఊపిరి బాగున్నవారు కారు. ఒకాయన సంగతి చెబుతాను, పేరూ ఊరూ చెప్పను. రిటైరైన ఉద్యోగి. వానాకాలంలో రేవు మెట్ల మీద నాచుకి జారి కుడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నారు. నేను ముందురోజు వార్డుకు వెళ్లి అడగవలసినవన్నీ అడిగాను. ఆయాసం లేదు, దగ్గు లేదు, బీడీ లేదు అన్నారు. పాత జబ్బులేమైనా? ఏమీ లేవన్నారు. ఆయన భార్య తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. నేను బయటికి వస్తుంటే వెనకాలే వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "బాబూ, మా పెళ్లయిన కొత్తలో ఆయన ఆరు నెలలు ఆసుపత్రిలో ఉన్నారు. ఎడమ వైపు. ఆ మాట ఎవరికీ చెప్పనివ్వరు" అన్నారు. క్షయ. ఆ రోజుల్లో ఆ పేరు చెబితే పిల్లల సంబంధాలు తప్పిపోయేవి, అందుకని దాచారు. నలభై ఏళ్లు దాచి దాచి ఆయనే మరిచిపోయారో ఏమో. మళ్లీ ఎక్స్‌రే తెప్పించి చూస్తే ఎడమ ఊపిరితిత్తి ముడుచుకుపోయి, ఆ వైపు డయాఫ్రం పైకి లాక్కుపోయి ఉంది. స్కానింగులో చూస్తే కదలడమే లేదు. ఇంట్లో కూర్చుని పేపరు చదువుకునే మనిషికి ఒక వైపు చాలింది కాబట్టి ఆయాసం తెలియలేదు.

ఆయన కుడి భుజానికి మెడలో బ్లాక్ వేసి ఉంటే ఏమయ్యేది? నడుస్తున్న ఆ ఒక్క సగం కూడా ఆగిపోయేది. బల్ల మీదే ఊపిరాడక, గొంతులో గొట్టం వేసి మిషను మీద పెట్టవలసి వచ్చేది. ఆమె చెప్పిన ఒక్క ముక్కతో మార్గం మార్చాం. తేలికపాటి పూర్తి మత్తు ఇచ్చి, నొప్పికి వీపు వైపు నుంచి బ్లాక్ వేశాం. నాలుగో రోజు ఇంటికి వెళ్లారు.

ఆ వీపు వైపు బ్లాక్ ఏమిటో చెప్పాలి. భుజం కీలు నుంచి వచ్చే స్పర్శలో సుమారు 70 శాతం ఒక్క నరం మోస్తుంది. పేరు సుప్రాస్కాపులర్. మెడలో పై కాండం నుంచి విడిపోయి, రెక్క ఎముక పై అంచులోని చిన్న గాడిలోంచి వెనక్కి వెళుతుంది. అక్కడ మందు వేస్తే చేను తూము మూసినట్టు. మిగిలిన దానిలో పెద్ద వాటా ఆక్సిలరీ అనే నరానిది, దానికి జబ్బ వెనుక ఇంకో సూది. రెండు సూదులతో పని చాలావరకు అయిపోతుంది, డయాఫ్రం జోలికి పోయేది ఉండదు. వేళ్లు కూడా కదులుతూనే ఉంటాయి. లోపం లేదా అంటే ఉంది. కీలు ముందు భాగానికి వేరే చిన్న నరాలున్నాయి, అవి తప్పించుకుంటాయి. ఆపరేషనైన మొదటి గంటల్లో మెడ బ్లాక్ వేసిన వారికంటె వీరికి నొప్పి కాస్త ఎక్కువే ఉంటుంది. మెలకువగా ఉంచి దీనితోనే ఆపరేషన్ చేయడం కష్టం, పూర్తి మత్తు తోడుండాలి. ఊపిరి సరిగా లేని మనిషికి ఆ కాస్త నొప్పి భరించడమే లాభం అని నా అభిప్రాయం.

ఈ రెంటికీ నడుమ ఈ పదేళ్లలో ఇంకో దారి ప్రచారంలోకి వచ్చింది. మెడలో వేళ్లు కలిసి పై కాండం అయిన చోట, సుప్రాస్కాపులర్ నరం విడిపోకముందే, స్కానింగులో చూస్తూ కొద్ది మందు వేస్తారు. సుపీరియర్ ట్రంక్ బ్లాక్ అంటారు. ఫ్రెనిక్ నరానికి దూరం పెరిగింది కాబట్టి డయాఫ్రం పడిపోవడం బాగా తగ్గుతుంది. నొప్పి తగ్గించడంలో మాత్రం మెడ బ్లాక్‌కి ఇంచుమించు సమానం. చేతనైనవారు చేస్తే నాకు ఇదే ఇష్టం. అయినా డయాఫ్రం అసలు పడదని హామీ ఇవ్వలేం. నేను చెప్పిన పెద్దాయన వంటివారికి ఇది కూడా వద్దు.

కంఠం ఎముక పైన వేసే కూలెన్‌కాంఫ్ గారి పద్ధతి, అంటే సుప్రాక్లావిక్యులర్, మోచేతికీ ముంజేతికీ మహారాజు. భుజానికి వాడేవారున్నారు. పాతకాలంలో దీనికి చెడ్డపేరు రావడానికి కారణం ఊపిరితిత్తి పై కొస సరిగ్గా సూది కిందే ఉండడం. గుచ్చుకుంటే గాలి లీకవుతుంది. స్కానింగు వచ్చాక ఆ భయం తగ్గింది. చంకలో వేసే బ్లాక్ అన్నిటికంటె నిరపాయం గాని, భుజానికి దాని వల్ల ప్రయోజనం లేదు. భుజం నరాలు అప్పటికే విడిపోయి ఉంటాయి.

స్కానింగు మిషను ఇంత మార్పు ఎలా తెచ్చిందని అడగవచ్చు. మేము చదువుకున్న రోజుల్లో సూది గుచ్చి, చేతిలోకి కరెంటు కొట్టినట్టుందా అని రోగిని అడిగేవాళ్లం. ఉందంటే నరం దొరికినట్టు. తరవాత సన్నని కరెంటు పంపే మిషను వచ్చింది, కండరం ఎగిరిపడితే గుర్తు. ఇప్పుడు తెర మీద నరం కనబడుతుంది, సూది మొన కనబడుతుంది, మందు పరుచుకోవడమూ కనబడుతుంది. కనబడుతోంది కాబట్టి తక్కువ మందు చాలు. 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో 20 మి.లీ. వేసినవారందరికీ డయాఫ్రం పడితే, 5 మి.లీ. వేసినవారిలో 45 శాతానికే పడింది. నొప్పి తగ్గడంలో తేడా లేదు. గట్టు పొర్లకుండా నీరు వదలడమన్న మాట. మీరు ఆఫీసు మనుషులు గనక ఇంకో మాట. గర్భస్థ శిశువు లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టం కింద స్కానింగు మిషన్లన్నీ రిజిస్టరు కావాలి. చెయ్యి నరం చూసుకునే మా మిషనుకీ అదే ఫైలు, అవే కాగితాలు.

ఇంకొక విషయం, ఈ ఊళ్లో నిలబడి చెప్పకుండా ఉండలేను. 2014 జూన్ 27న తెల్లవారుజామున ఇక్కడ గ్యాసు పైపు పేలి ఎందరి ఇళ్లలో దీపం ఆరిపోయిందో మీకు తెలుసు. అగ్నిప్రమాదంలో బతికి బయటపడినవారికి మెడ దగ్గర, చంక దగ్గర చర్మం ముడుచుకుపోతుంది. మెడ వెనక్కి వంగని మనిషికి పూర్తి మత్తు ఇచ్చి గొంతులో గొట్టం వేయడం మాకు చాలా కష్టం. అటువంటివారికి చేతి ఆపరేషన్, భుజం ఆపరేషన్ అంటే బ్లాక్ వైపు మొగ్గుతాం. మళ్లీ మచ్చ పడిన చర్మం కింద నరం ఎక్కడుందో చేత్తో తడిమి తెలుసుకోలేం, స్కానింగు ఉండాలి. మీ ఇంట్లో అటువంటివారెవరైనా ఉంటే ఏ ఆపరేషనుకైనా ముందే మత్తు డాక్టరుకు మెడ చూపించండి. ఆపరేషన్ రోజు పొద్దున్న చూపిస్తే ఆలస్యం.

బ్లాక్ వేశాక కనబడే కొన్ని వింతలు చెబుతాను, ఇంట్లోవాళ్లు కంగారు పడకుండా. మెడ బ్లాక్ తరవాత ఆ వైపు కనురెప్ప వాలుతుంది, కన్ను ఎర్రబడుతుంది, కంటిపాప చిన్నదవుతుంది. గొంతు బొంగురుపోతుంది. చెయ్యి మనది కానట్టు పడి ఉంటుంది. ఇవన్నీ కలిపి చూసి కొడుకులూ కోడళ్లూ పక్షవాతం వచ్చిందని ఏడుపు లంకించుకున్న సందర్భాలున్నాయి. మందు దిగగానే అన్నీ పోతాయి. నోరు వంకరపోయినా, కాలు పడిపోయినా, మాట తడబడినా అది బ్లాక్ వల్ల కాదు, వెంటనే నర్సును పిలవాలి. ఆయాసం పెరుగుతున్నా అంతే.

మొద్దుబారిన చెయ్యిని పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకోవాలి. వేడి కాఫీ గ్లాసు దాని మీద పెట్టినా దానికి తెలియదు. మంచం పట్టీకి నొక్కుకుని గంటలు ఉన్నా తెలియదు. జోలెలోనే ఉంచండి.

ఇక రాత్రి సంగతి. పొద్దున్న పదింటికి బ్లాక్ వేశారనుకోండి. సాయంత్రం బంధువులు వస్తారు, అసలు నొప్పే లేదండీ, ఇంత సుఖంగా ఉంటుందనుకోలేదు అని పెద్దమనిషి అందరికీ చెబుతాడు. నర్సు మాత్ర ఇస్తే నొప్పి లేనివాడికి మాత్రెందుకని పక్కన పెడతాడు. అర్ధరాత్రి దాటాక మందు ఒక్కసారిగా దిగుతుంది. అప్పుడు వచ్చే నొప్పి మామూలు నొప్పి కాదు, కీలు పీకినట్టుంటుంది. మాత్ర వేసుకున్నా అది పనిచేయడానికి గంట. వేళ్లలో చీమలు పాకినట్టు అనిపించగానే, నొప్పి మొదలవకముందే మాత్ర పడాలి. ఏ మాత్ర అన్నది మీ మూత్రపిండాలను బట్టి, కడుపులో పుండ్లను బట్టి డాక్టరే చెప్పాలి. పక్కింటాయనకు బాగా పనిచేసిన మాత్ర మీకు వద్దు.

ఆపరేషన్ లేకుండానే మీలో చాలామందికి ఉపయోగపడేది ఒకటుంది. షుగరున్నవారికి భుజం బిగుసుకుపోవడం మామూలు. చొక్కా తొడుక్కోలేరు, ఆడవారు జడ వేసుకోలేరు, రాత్రి ఆ పక్కకు తిరగలేరు. వ్యాయామం చేయమంటే నొప్పి, చేయకపోతే ఇంకా బిగుసుకుంటుంది. అటువంటివారికి నేను చెప్పిన సుప్రాస్కాపులర్ నరానికే ఒక సూది వేస్తే కొన్నాళ్లు నొప్పి తగ్గుతుంది. ఆ అవకాశంలో ఫిజియోథెరపీ సాగించుకోవచ్చు. చాలావరకు అదే రోజు ఇంటికి పోవచ్చు. సూది వేయించుకుని నొప్పి తగ్గిందని వ్యాయామం మానేసేవారిని చూస్తే మాత్రం నాకు కోపం వస్తుంది. సూది తలుపు తెరుస్తుంది, లోపలికి నడవాల్సింది వారే.

ముందురోజు మత్తు డాక్టరు వచ్చినప్పుడు ఏం చెప్పాలని కార్యదర్శి గారు అడిగారు. రక్తం పలచన చేసే మాత్రలు, క్లోపిడోగ్రెల్, ఎసిట్రోం వంటివి వాడుతుంటే ఆ చీటీ చూపించండి. మీ అంతట మీరు మానకండి. పాత ఎక్స్‌రేలు అటక మీద ఉంటే దింపండి. రెండు దిళ్లు లేకుండా పడుకోగలరా, మేడ మెట్లు ఆగకుండా ఎక్కగలరా, ఎప్పుడైనా క్షయ మందులు వాడారా, మెడకు గాని గుండెకు గాని పాత ఆపరేషనుందా, రెండో వైపు భుజానికి ఇంతకుముందు బ్లాక్ వేసినప్పుడు ఆయాసం వచ్చిందా, ఇవి చెప్పండి. బీడీ, చుట్ట అలవాటు ఎన్నేళ్లో నిజం చెప్పండి. మేము ఎవరికీ చెప్పం. చెప్పడానికి సిగ్గయితే భార్యను చెప్పనివ్వండి. నాతో చెప్పినావిడ ఆ రోజు గడప దాటి రాకపోయి ఉంటే అన్నది నేను తలచుకోను.

మీరు కూడా అడగవచ్చు. మెడ బ్లాక్ వేస్తారా, ఇంకోటి వేస్తారా, నా ఊపిరికి అది సరిపోతుందా అని అడిగితే ఏ డాక్టరూ తప్పుపట్టకూడదు. బ్లాక్ వేసే చోట మందు పొరపాటున రక్తనాళంలోకి పోతే గుండె మీద పనిచేస్తుంది, దానికి విరుగుడుగా పాలలా తెల్లగా ఉండే కొవ్వు ద్రావణం దగ్గర పెట్టుకుంటాం. 2006 నుంచి అది మనుషుల్ని బతికించిన దాఖలాలున్నాయి. ఆ సీసా ఉందా అని కూడా అడగండి, డాక్టరు ఆశ్చర్యపోతాడు గాని సంతోషిస్తాడు.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. అరుగు మీద లెక్క కుదరని ముగ్గురూ ఇక్కడే ఉన్నారని తెలిసింది. వారి డిశ్చార్జి కాగితాలు తెచ్చి ఉంటే భోజనాలయ్యాక కూర్చుని ఒక్కొక్కటీ చూద్దాం. ఆ మూడో ఆయనకి బ్లాక్ ఎందుకు వేయలేదో నాకూ తెలుసుకోవాలనుంది.